ఈనె పీకని విస్తరి

మొన్న వరంగల్‌లో పెళ్లికి పోతూ, జనగామ దగ్గర రోడ్డు పక్కన కొత్తగా వెలిసిన పెద్ద హోటల్లో ఆగి భోంచేశాం. చేతులు కడుక్కుని వచ్చేసరికి బిల్లుతో పాటు ఒక పింగాణీ గిన్నెలో సోంపు, పటికబెల్లం పలుకులు, వాటి పక్కన ఒక్కొక్కటీ కాగితపు తొడుగులో దాక్కున్న టూత్‌పిక్కులు తెచ్చి పెట్టారు. తొడుగు చింపగానే గుప్పుమని పుదీనా వాసన. పళ్లు కుట్టుకునే పుల్లకు కూడా అత్తరు పూసే కాలం వచ్చిందన్నమాట! మా అమ్మాయి మొహం చిట్లించి, "నలుగుట్ల కూసొని పండ్లు కుట్టుకునుడేందమ్మా, ఛీ! హోటళ్లోళ్లు గివి ఇచ్చుడే బంద్ చెయ్యాలె" అంది. మా అల్లుడు అప్పటికే ఒకటి నోట్లో పెట్టుకున్నాడు పాపం, తీయలేక ఉంచలేక తిప్పలు పడుతూనే, "పంట్ల ఇరికింది వాళ్ల కూరనే గదా, పుల్ల గూడ వాళ్లే ఇయ్యాలె" అన్నాడు. కారెక్కాక కూడా ఇద్దరిదీ అదే వాదన. నేను నోరెత్తలేదు. ఎత్తితే మా బాపమ్మ సంగతి చెప్పాలి, అది మొదలుపెడితే పెళ్లి ముహూర్తం దాటిపోతుంది.

మా నాన్నను బాపు అనీ, ఆయనను కన్న తల్లిని బాపమ్మ అనీ పిలిచేవాళ్లం. జనగామ రైలు స్టేషన్ నుంచి బస్టాండుకు వచ్చే దారిలో, రేకుల కప్పు కింద మాకొక భోజన హోటలు ఉండేది. బోర్డు మీద పేరు బాపుది, గల్లా దగ్గర కూర్చునేదీ బాపే, అన్నం పప్పు చారు మా అమ్మ వంతు, కానీ జనం వచ్చేది మాత్రం బాపమ్మ వండే యాటకూర కోసం. మటన్‌ను మా వైపు యాటకూరే అంటారు. పొద్దున్నే కట్టెల పొయ్యి మీద పెద్ద గంజు ఎక్కించి, ఉల్లిగడ్డ ఎర్రగా వేగి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయి, ధనియాలూ ఎండుకొబ్బరీ దంచి వేసిన మసాలా మీద నూనె తేలేదాకా ఆమె అక్కడినుంచి కదిలేది కాదు. వానాకాలంలో అందులో పుంటికూర, అదే గోంగూర, పడేది, ఎండాకాలంలో మామిడికాయ ముక్కలు పడేవి, దసరా దగ్గరపడితే పక్క పొయ్యిల మీద తలకాయకూర, బోటికూర కుతకుతమంటూ ఉండేవి. పత్తి సీజన్లో బచ్చన్నపేట వైపు నుంచి మార్కెట్‌కు వచ్చిన రైతులు మీసాలకూ కనుబొమ్మలకూ దూదిపోగులు అంటించుకుని వచ్చి కూర్చుంటే, పడుచువాళ్లంతా తాతలైపోయారని మేము పిల్లలం పకపకా నవ్వేవాళ్లం. మహబూబాబాద్ నుంచి రైలు దిగినవాళ్లు, దంతాలపల్లి నుంచి పనిమీద వచ్చినవాళ్లు కూడా బస్సు తప్పినా సరే, మా దగ్గర తినకుండా పోయేవారు కాదు.

విస్తళ్లు భూపాలపల్లి అడవి వైపు నుంచి వచ్చేవి. అక్కడి ఆడవాళ్లు మోదుగాకులతో కుట్టిన విస్తళ్ల కట్టలను లారీ నడిపే ఖాజా మామ తెచ్చి, మా గడప ముందు దభీమని పడేసి, "అమ్మా, ఆకలి!" అని బాపమ్మకు వినబడేలా అరిచేవాడు. ఆకును ఆకుతో కలిపి కుట్టేది దారంతో కాదు, వెదురు చీల్చి తీసిన సన్నటి ఈనెలతో. చిరిగిన విస్తళ్ల నుంచి ఆ ఈనెలు ఏరి మేము బొమ్మలకు మంచాలు అల్లేవాళ్లం. వేడన్నం పడగానే ఆకులోంచి వగరు వాసన లేచి కూర వాసనతో కలిసిపోయేది, ఇప్పుడు ఎంత ఖరీదైన కంచంలో తిన్నా ఆ ఒక్క వాసన లేక నాకు అన్నం సగమే తిన్నట్టు ఉంటుంది. తిన్నాక ఎవరి పంట్లో అయినా పీచు ఇరికితే, దర్జాగా విస్తరిలోంచి ఒక ఈనె పీకి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని పళ్లు కుట్టుకుని, తేనుస్తూ లేచేవారు. పుల్ల కోసం ఒకరిని అడిగే పనే లేదు.

ఆ ఈనెలను బట్టే బాపమ్మ తన వంటకు తాను తీర్పు చెప్పుకునేది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక, ఎంగిలి విస్తళ్లను పారేసే ముందు, పెరట్లో పీట వేసుకుని కూర్చుని ఒక్కొక్క విస్తరినీ పుల్లతో తిరగేసి చూసేది. కుట్లు నిలిచి ఉంటే ముక్క మెత్తగా ఉడికినట్టు, ఎక్కువ విస్తళ్ల కుట్లు ఊడితే గట్టిపడ్డట్టు. బడి లేని రోజుల్లో పక్కన కూర్చుని నేనూ చూసేదాన్ని. నోటితో మెచ్చుకుంటే ఆమె చెవిన పెట్టేది కాదు. "మొకం మీద మంచిగలేదని ఎవడంటడే? మర్యాదస్తుడు మస్తుగుందనే అంటడు. ఆకు అబద్ధమాడదు" అనేది.

బాపుకు ఇదంతా చాదస్తం. ఒకసారి హైదరాబాదు నుంచి టూత్‌పిక్కులు తెచ్చి ప్రతి బల్ల మీదా గ్లాసుల్లో నిలబెట్టాడు. తినడానికి వచ్చినవాళ్లు కొత్తగా ఉందని మురిసిపోయారు. బాపమ్మ వంటింట్లోంచి విసురుగా వచ్చి, గ్లాసులన్నీ ఏరుకుపోయి, పుల్లల్ని పొయ్యిలో పోసింది.

"ఏందవ్వా గిది? పెద్ద పెద్ద హోటళ్లల్ల గిట్లనే పెడ్తరు" అని బాపు మొత్తుకున్నాడు.

"కూర పెట్టకముందే పుల్ల పెడ్తవారా? మా కూర ఉడకలే, పండ్లు కుట్టుకోండ్రని డప్పు కొట్టినట్టు లేదా? నేను పొయ్యి కాడ ఉన్నన్ని దినాలు పుల్ల బల్ల మీదికి రాదు, పో!"

బాపు గొణుక్కుంటూ గల్లా దగ్గరికి పోయాడు. నేను బాపమ్మ పక్షం. ఆ రోజంతా బాపు ఎదురుపడితే చాలు, మూతి తిప్పుకుంటూ తిరిగాను.

అలాగని ఆమె తీర్పు ఎన్నడూ తప్పలేదనుకోకండి. ఒక వానాకాలం ఉన్నట్టుండి విస్తళ్లన్నీ కుట్లు ఊడి, ఆకుకు ఆకు విడిపోయి వస్తున్నాయి. బాపమ్మ పరేషాన్. గొడుగు కూడా వేసుకోకుండా మటన్ దుకాణానికి పోయి, ముసలి యాటను అంటగడుతున్నావని మల్లేశు మీద విరుచుకుపడింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా మీద పడ్తవేందవ్వా?" అని అతడు నవ్వేసరికి ఇంకా మండిపోయి, మర్నాడు కూరను ఎంత ఉడికించిందంటే ముక్కా ఎముకా వేరైపోయి గంజులో పప్పుచారు తయారైంది. అయినా ఈనెలు ఊడుతూనే ఉన్నాయి. చివరికి నేను కనిపెట్టాను, అదంతా బస్టాండు ముందు బొగ్గుల మీద కాల్చే మక్క కంకుల పని. వానలో బస్సు దిగినవాడల్లా ఒక కంకి కొరుక్కుంటూ వచ్చి మా దగ్గర అన్నానికి కూర్చునేవాడు. పంట్లో ఇరికింది మక్కపొట్టు, నింద యాట మీద! చెబితే బాపమ్మ కడుపుబ్బ నవ్వి, నాకు మంచి ముక్కలు ఏరి పెట్టి, మల్లేశు ఇంటికి గిన్నెడు కూర పంపింది.

అప్పుడది నవ్వులాటగా పోయింది. కొన్నేళ్లకు బాపమ్మ దవడ పళ్లు ఒక్కటొక్కటిగా రాలిపోయాయి, అక్కడే వచ్చింది చిక్కు. ముక్క ఉడికిందో లేదో ఆమె నమిలే చూసేది. వేళ్లతో నొక్కితే పైపైన తెలుస్తుంది, లోపలి పీచు సంగతి పంటికే తెలుస్తుంది అనేది. ఇప్పుడు ముక్కను చిగుళ్ల మీద అటూ ఇటూ తిప్పి, "అయ్యింది, దించుండ్రి" అనేది. అయ్యేది కాదు. నేను నమిలి చెబుతానంటే, "వండినోళ్లు ఒకలు, ఉడుకు చూసేటోళ్లు ఒకలా?" అని కసిరేది. అది చలికాలం, కంకులు లేవు, మల్లేశు ఇచ్చింది లేత యాటే, అయినా విస్తళ్లు కుట్లూడి వస్తున్నాయి. బాపు వంటమాస్టర్ కోసం వెతుకుతున్నాడని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం ఆ విస్తళ్ల ముందు కూర్చుని బాపమ్మ నాతో అంది: "ఈ పత్తి సీజన్ అయ్యేదాక చూస్త బిడ్డా. గిట్లనే ఊడితె గంటె కింద పెడ్త. పొయ్యి కాడికెల్లి లేస్తె ఇగ మంచంల పడుడే, మల్ల లేవ."

బాపమ్మ మంచం పట్టడమా? పొయ్యి ముందు ఆమె లేకపోవడమా? ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు ఖాజా మామ తిని ముగించే సమయానికి అతని బల్ల దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. "మామా, జర ఈనె పీకకు. పీకితె మా బాపమ్మ వండుడు బంద్ చేస్తదట."

అప్పటికే అతని వేళ్లు ఈనె మీద ఉన్నాయి. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అరె బేటీ, ముందుగాల చెప్పొద్దా? మా అమ్మ పోయినంక నాకు గింత కడుపునిండ పెట్టింది గీ అమ్మనే" అని, నాలుకతో దవడ తడుముకుంటూ లేచిపోయాడు. మామ నోట్లో నువ్వుగింజ నానదు. పక్క బల్లవాళ్లకు చెప్పాడు, వాళ్లు రైల్లో వచ్చే మహబూబాబాద్ వాళ్లకు చెప్పారు, కొద్దిరోజుల్లోనే రోజూ వచ్చే గిరాకీలందరికీ తెలిసిపోయింది. తెలియక కొత్తవాడెవడైనా ఈనె మీద చెయ్యి వేస్తే పక్కవాడు మోచేత్తో పొడిచేవాడు.

మరి వాళ్ల పళ్ల మాట? మా హోటలు వెనక ఒక మొండిగోడ ఉండేది. తిన్నవాళ్లంతా ఆ గోడ చాటుకు పోయి, అగ్గిపుల్లతో ఒకరు, చీపురుపుల్లతో ఒకరు, ఏదీ దొరకనివాడు తుమ్మముల్లుతో, వరసగా నిలబడి పళ్లు కుట్టుకునేవారు. బుర్రమీసాల మనుషులు వంటింటి కిటికీ వైపు ఒక కన్ను వేసి దొంగల్లా నక్కి ఉంటే, అప్పుడు నాకు నవ్వు ఆగేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు. వాళ్లకేం పట్టింది? కావాలంటే నాలుగడుగులు వేసి ఇంకో హోటల్లో తినొచ్చు. ఆ గట్టి ముక్కలు తింటూనే మళ్లీ మళ్లీ వచ్చారు.

పత్తి సీజన్ ముగింపుకొచ్చింది. విస్తళ్లు ఒక్క కుట్టు ఊడకుండా నిండుగా వస్తున్నాయి. నేను గంతులేస్తూ వాటిని బాపమ్మ ముందు పెట్టి, "చూడు బాపమ్మా, ఒక్కటి గూడ ఊడలే!" అన్నాను. ఆమె ఒకటి తిరగేసింది, ఇంకొకటి తిరగేసింది, పుల్ల పక్కన పెట్టి నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఎవలెవలకు చెప్పినవే?"

నేను ఆ విస్తళ్లను గబగబా ఎత్తబోయాను, ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా చెయ్యి మంచిగున్న దినాలల్ల గూడ కొన్ని ఆకులు ఊడేటియి. ఎంత మెత్తగ వండినా ఎవలకో ఒకలకు పుచ్చుపన్ను ఉండనే ఉంటది. గింతమంది తిని ఒక్కలు గూడ పీకలేదంటె నా కూర ఉడికినట్టు గాదు బిడ్డా. వాళ్ల కడుపు సల్లగుండ, నా మొకం చూసి ఓర్సుకుంటున్నరు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, నేనే బావురుమన్నాను. కొంగుతో నా మొహం తుడిచి, "ఊరి పండ్లనొప్పంత నా మెడకు కట్టినవు గదనే!" అని నవ్వింది. ఆ సాయంత్రమే గంటె శుభ్రంగా కడిగి మా అమ్మ చేతికి ఇచ్చింది. "ఇగ నువ్వే వండు, నువ్వే నమిలి చూడు. నీ పండ్లు గట్టిగున్నయి" అంది. బాపు తలుపు దగ్గర నిలబడి చూశాడు. వంటమాస్టర్ మాట మళ్లీ ఎత్తలేదు.

మంచం పడుతుందని నేను భయపడినట్టేమీ కాలేదు. మర్నాటి నుంచి బాపమ్మ బల్లల మధ్య తిరుగుతూ, "పీకుండ్రి బిడ్డా, మొహమాటపడకుండ్రి, ఇయ్యాల కోడలు వండింది" అని అందరికీ చెప్పడం, లోపలినుంచి మా అమ్మ "ఓ అత్తా!" అని అరవడం, హోటలంతా గొల్లుమనడం. అలా కొన్నాళ్లు తిరిగి, ఒక ఎండాకాలం ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్లిపోయింది. ఆమె దినాలకు భూపాలపల్లి నుంచి ఖాజా మామ తెచ్చిన విస్తళ్లకు పైసలు ఇవ్వబోతే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు ఆ రేకుల కప్పు లేదు, మొండిగోడ లేదు, రోడ్డు వెడల్పులో అన్నీ పోయాయి. విస్తళ్లు మిషన్ మీద నొక్కి చేస్తున్నారు, వాటికి కుట్లే లేవు. నచ్చకపోతే ఫోన్లో రేటింగ్ కింద ఒక్క చుక్క కొట్టి, నాలుగు మాటలు అనేసి పోతున్నారు, వండినామె మొహం ఎవరూ చూడరు. అలాంటి రోజుల్లో పోయిన ఆదివారం మహబూబాబాద్ నుంచి మా తమ్ముడు వచ్చాడు. వాడి కోసం యాటకూర వండాను. నా దవడ పళ్లు రెండు ఈమధ్యే తీయించుకున్నాను, ఉడుకు సరిగ్గా తెలియలేదు. వాడు కడుపునిండా తిని, "మస్తుగుంది అక్కా" అని, చేతులు కడుక్కుని బాల్కనీలోకి పోయి, నాకు వీపు పెట్టి, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. నేను చాయ్ వడగట్టి కూడా పిలవలేదు. వాడు తనంతట తాను లోపలికి వచ్చేదాకా వంటింట్లోనే కూర్చున్నాను.