పన్నెండో డబ్బా

నాచారం స్టూడియో గేటు దగ్గర టీ తాగే వాళ్లని ఉప్పలయ్య ఏడని అడిగితే, "కెమెరా ఏడుందో సూడు, పక్కనే ఉంటడు" అనేవారు. అందులో అబద్ధం లేదు. ఇరవై ఆరేళ్లు కెమెరా అటెండెంటుగా చేశాడాయన. పెట్టె మొయ్యడం, అద్దాలు తుడవడం, నల్లసంచిలో చేతులు దూర్చి వెలుగు తగలకుండా ఫిల్ము ఎక్కించడం, దించడం, దూరం కొలిచే టేపు కొస పట్టుకుపోయి హీరో ముక్కుకి ఆనించి నిలబడటం. ఇవీ ఆయన పనులు. రైల్లో పోతే ఆ పెట్టె మీదే తల పెట్టి పడుకునేవాడు. పెళ్లాన్ని కూడా ఇంత కనిపెట్టుకుని ఉండవు కదన్నా అని తోటివాళ్లు ఎగతాళి చేస్తే, "పెండ్లాం కింద పడితె లేస్తది, ఇది పడితె లేస్తదా" అని నోరు మూయించేవాడు.

ఒక్క పని మాత్రం ఆయనది కాదు. స్విచ్ నొక్కడం. అది కెమెరామెన్ చెయ్యాలి, కాదంటే ఆయన అసిస్టెంటు చెయ్యాలి. అటెండెంటు వేలు దాని మీద పడకూడదు. జనగామ పక్క పల్లె నుంచి ఇరవై ఏళ్ల వయసులో వచ్చి ఆ గేటు ముందు నిలబడింది మాత్రం ఆ స్విచ్ కోసమే. ఇవాళ కాకపోతే రేపు అనుకుంటూనే మీసాలు నెరిశాయి. ఆశకి వయసు లేదంటారు గానీ, మోకాళ్లకి ఉంటుంది కదా.

ఆయన భార్య సారలమ్మ నాచారంలోనే ఒక మందుల కంపెనీలో సీసాలకు కాగితాలు అంటించేది. ఒక్కగానొక్క కూతురు దీపని చెంగిచెర్లలో ఇచ్చారు. ఉప్పలయ్య ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఔట్‌డోరు మీద ఊళ్లు పట్టుకు తిరిగేవాడు. ఇంట్లో సారలమ్మ ఒక్కతే. ఆమె బాధని నోరు తెరిచి చెప్పే రకం కాదు, పైగా కాస్త వెటకారం మనిషి. ఒకసారి ఉప్పల్‌లో ఆయన పనిచేసిన సినిమాకి ఇద్దరూ వెళ్లారు. పాట మొదలైన దగ్గర్నుంచీ ఆమెది ఒకటే గొడవ.

"నువ్వేడున్నవ్?"

"ఈడ్నే ఉన్న. కెమెరా ఎనుక."

"ఏడ? కనవడ్తలేవు."

"ఎనుక ఉంటె ఎట్ల కనవడ్త?"

సారలమ్మ సీటులో వెనక్కి తిరిగి, ప్రొజెక్టరు వెలుగు వచ్చే కన్నం వైపు చూసింది. ముందు వరసల్లో వాళ్లు తెర మీద పాట చూస్తుంటే ఆమె ఆ కన్నాన్నే చూస్తూ కూర్చుంది. ఉప్పలయ్య నవ్వాడు. ఆమె నవ్వలేదు.

రెండువేల ఎనిమిది నవంబరులో మనాలి ప్రయాణం పడింది. పోయిన ప్రతిసారీ ఆయన ఏదో ఒకటి తెచ్చేవాడు, శాలువో గాజులో. ఆ పొద్దున బట్టలు సర్దుతూ సారలమ్మ అంది.

"ఈపారి ఏం తేకు. పెట్టెల పెట్టనీకె జాగ లేదు. నువ్వు పోయిన కాడ ఎట్లుంటదో జర నాకు సూపియ్యి."

"మంచుంటది. తెల్లగ."

"తెల్లగుంటదని నాకూ ఎర్కే. ఈడ ఒక్కదాన్ని కూసోని నీ గురించి తలుసుకోవాలంటె ఏం తలుసుకోవాలె నేను? నీ కెమెరా పెట్టె యాదికొస్తది గని నువ్వు రావు."

ఆ మాట ఉప్పలయ్యని మనాలి దాకా వదలలేదు.

అక్కడ కెమెరామెన్ చలపతిరావుగారు. గోదావరి జిల్లా మనిషి, కోపమూ దయా రెండూ చప్పున వస్తాయి. ఆఖరి రోజు పాట షూటింగు అయిపోయాక డబ్బాలో ఫిల్ము కాస్త మిగిలింది. తొంభై అడుగులు. తెర మీద సరిగ్గా ఒక నిమిషం. అలాంటి ముక్కలు ఎవరికీ పనికిరావు, మూలన పడేస్తారు. ఉప్పలయ్య కెమెరా విప్పబోతూ ఆగిపోయి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. అడగడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది, మరి నోరు పెగలాలిగా.

"సార్, ఈ ముక్క..."

చలపతిరావు ఆయన మొహం చూసి ఇంకేమీ అడగలేదు. "తీసుకో ఉప్పలయ్యా. స్విచ్ కూడా నువ్వే వెయ్యి. నేను టీ తాగుతున్నాను, నాకేం కనపడదు" అన్నాడు.

మంచు సన్నగా పడుతోంది. దేవదారు చెట్లు, వాటి మధ్య ఎక్కి పోయే దారి. ఉప్పలయ్య కన్ను ఆనించి చూసుకున్నాడు. స్విచ్ నొక్కాడు. మోటారు చప్పుడు మొదలైంది. సరిగ్గా అప్పుడే, చూడండి, ఆ మనిషి చేసిన పని. దూరం కొలవలేదని గుర్తొచ్చింది. ఎదటివాడు కెమెరాకి కన్ను ఆనిస్తే తాను టేపు పట్టుకుని ముందుకు పోవడం ఇరవై ఆరేళ్ల అలవాటు. కాళ్లు వాటంతటవే కదిలాయి. టేపు కొస పట్టుకుని నాలుగడుగులు మంచులో గబగబా నడిచి, ఇటు తిరిగి, కొస తన ముక్కుకే ఆనించుకుని నిలబడ్డాడు. టేపు మీది నంబరు ఎవరు చదివి చెబుతారా అని చూస్తున్నాడు. కెమెరా వెనకాల ఎవరుంటారు, ఉండాల్సిన మనిషి ముందున్నాడాయె.

"ఉప్పలయ్యా, కెమెరా తిరుగుతోందయ్యా. ఎవరికి చూపిస్తున్నావు ముక్కు?" అని చలపతిరావు టీ ఒలకబోసుకుని నవ్వాడు.

ఉప్పలయ్య సిగ్గుతో చచ్చిపోయి వెనక్కి పరిగెత్తాడు. మిగతా ఫిల్ము మాత్రం కదలకుండా తీశాడు. మంచు, చెట్లు, దారి, దూరంగా మబ్బు విడిచి బయటపడ్డ కొండ. అది అయిపోయాక నల్లసంచిలో దించి, డబ్బాలో పెట్టి, చుట్టూ నల్ల టేపు వేసి, మూత మీద ‘సారలమ్మ’ అని రాశాడు. మొదట వృథా అయిన ఏడు సెకన్లు తలుచుకుని తలుచుకుని మండిపడ్డాడు. దేవుడు నిమిషం ఇస్తే అందులో ఏడు సెకన్లు నేనే బుక్కిన అనుకున్నాడు.

సినిమా పండక్కి విడుదల. నెగెటివు వెంటనే ల్యాబుకి చేరాలని ప్రొడ్యూసరు ఫోను మీద ఫోను. రైలుకి టైము లేదు, కెమెరానీ ఫిల్మునీ తీసుకుని ఉప్పలయ్యని విమానంలో పంపమన్నారు. పదకొండు డబ్బాల్లో ముప్పై మంది కష్టం ఉంది. వాటిని ఎక్స్‌రే మిషన్లో పెడితే బొమ్మ మీద పొగ కమ్మినట్టు అవుతుంది కాబట్టి చేత్తో తనిఖీ చెయ్యమని మేనేజరు ఉత్తరం రాసిచ్చాడు. ఉత్తరంలో పదకొండు డబ్బాలని ఉంది. పన్నెండో దాని సంగతి ఉప్పలయ్య చెప్పలేదు. నాది కూడా ఒకటుందని మేనేజరుతో అనడానికి మొహమాటం. ఆ మొహమాటమే కొంప ముంచింది.

బొంబాయి హోటళ్ల మీద ఉగ్రవాదులు పడ్డ ఆ ఘోరం జరిగి పది రోజులు కూడా కాలేదు. ఢిల్లీలో విమానం ఎక్కే చోట ఎక్కడ చూసినా తుపాకులే. బూట్లు విప్పించారు, బెల్టు తీయించారు. కెమెరా పెట్టె తెరిపించి అద్దాలన్నీ ఒక్కొక్కటే బల్ల మీద పరిపించారు. పురిటి బిడ్డని ఊరందరి చేతుల్లో పెట్టినట్టు విలవిల్లాడాడు ఉప్పలయ్య. ఆఫీసరు కుర్రవాడే, కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఎన్ని రోజులుగా నిద్ర లేదో. ఉత్తరం చదివాడు. డబ్బాలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

ఇక్కడ పదకొండని ఉంది, ఇవి పన్నెండు, అన్నాడు హిందీలో.

ఉప్పలయ్య పన్నెండోదాని మీద చెయ్యి వేశాడు. "సాబ్, వో ఏక్ మేరా హై" అన్నాడు, ఆ ఒక్కటి నాదని.

ఆ మాట ఇంకా చేటు చేసింది. లెక్కలో లేని డబ్బా, చుట్టూ నల్ల టేపు, పైన తెలియని లిపిలో ఏదో రాత. ఆఫీసరు అన్నీ మిషన్లో పెట్టమన్నాడు. ఉప్పలయ్య బల్లకి అడ్డంపడి బతిమాలాడు. నల్లసంచి తీసి, చెయ్యి ఇందులో పెట్టి తడిమి చూడండి సాబ్, ఫిల్మో కాదో చేతికే తెలుస్తుంది అన్నాడు. ఆ ఆఫీసరు మంచివాడే, సంచిలో చెయ్యి పెట్టి ఒక డబ్బా తడిమాడు కూడా. కానీ తల అడ్డంగా ఊపాడు. చేతికి తెలిస్తే చాలదు, కంటికి కనపడాలి. ఒక్కటి నా కళ్లముందు తెరువు, తక్కినవి నమ్ముతాను. లేదంటే అన్నీ మిషన్లోకే.

అంటూనే వేలు పెట్టి మూడో డబ్బా చూపించాడు. అందులో పాట మొదటి చరణం ఉంది. ఉప్పలయ్య దాని మీద అరచెయ్యి పెట్టి మూశాడు.

"అది కాదు సాబ్. ఇది."

లెక్కలో లేనిది అదే కాబట్టి ఆఫీసరు కూడా సరేనన్నాడు. ఉప్పలయ్య గోటితో నల్ల టేపు పీకాడు. ‘సారలమ్మ’ అన్న మూత పక్కన పెట్టాడు. లోపలి నల్లకాగితం విప్పాడు. పైన వరసగా తెల్లటి ట్యూబులైట్లు. ఆఫీసరు వంగి చూసి, వేలితో తాకి, సరే మూసెయ్యి అన్నాడు. అంతా కలిపి నాలుగైదు క్షణాలు. ఎన్నో వేల డబ్బాలు చీకట్లో తెరిచిన చేతులవి, వెలుగులో తెరవడం అదే మొదలు. ఆయన కళ్లలో నీళ్లు చూసి ఆఫీసరు, ఏముంది అందులో అని అడిగాడు.

"బర్ఫ్" అన్నాడు ఉప్పలయ్య. మంచు.

విమానం ఎక్కడం జీవితంలో మొదటిసారి. కిటికీ పక్క సీటే దొరికింది. బయటికి చూడలేదు. పదకొండు డబ్బాలు ఒళ్లో, పన్నెండోది చొక్కా లోపల. అది ఇంక దాచాల్సిన పని లేదు, అయినా దాచుకున్నాడు. ఇంటికి వచ్చాక సారలమ్మ ఏదీ, ఏం సూపిస్తవ్ అని అడిగితే, "ఖరాబైంది" అని ఊరుకున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. ల్యాబు నుంచి ప్రింటు వచ్చేదాకా ఆ రెండు రోజులూ ఆయనకి అన్నం సయించలేదు.

ల్యాబులో సత్యనారాయణమూర్తిగారని పెద్దాయన ఉండేవాడు. ఆయన జరిగింది విని, డబ్బా పట్టుకుని చెవి దగ్గర ఊపి, "పై చుట్లు పోతాయయ్యా. కానీ ఫిల్ము బిగువుగా చుట్టావు, చెయ్యి తిరిగినవాడివి. లోపలి చుట్లలో ఏమన్నా మిగిలితే మిగలొచ్చు" అన్నాడు. దింపుడు కళ్లం ఆశ. అయినా యూనిట్ ఫిల్ముతో పాటే దాన్నీ కడిగి ప్రింటు వేసి ఇచ్చాడు. ఏమైనా వచ్చిందా అంటే, "నువ్వే చూసుకో" అని నవ్వాడు తప్ప చెప్పలేదు.

స్టూడియో ప్రివ్యూ థియేటరులో ఆపరేటరు దామోదర్, పాత స్నేహితుడు. మధ్యాహ్నం భోజనాల వేళ హాలు ఖాళీ. సారలమ్మ కంపెనీ నుంచి అలాగే వచ్చింది, వేళ్లకి జిగురు ఎండి ఉంది. పెద్ద పెద్ద వాళ్లు కూర్చునే మెత్తటి కుర్చీలో కొసన ఒదిగి కూర్చుంది.

"ఎక్కువ అనుకోకు. ఏమన్న ఉంటె ఉంటది, లేకుంటె లేదు" అన్నాడు ఉప్పలయ్య.

లైట్లు ఆరాయి. తెర మీద దేవదారు చెట్లు వచ్చాయి. మంచు పడుతోంది. అంచుల్లో ఎర్రగా మంటలా వెలుగు పాకుతోంది గానీ నడుమ బొమ్మ ఉంది. ఫిల్ము చుట్టలో వెలుగు తగలకుండా లోపలుండేది ముందు తీసిన ముక్కే. ముందు తీసింది ఏమిటో ఉప్పలయ్యకి అప్పుడు తట్టింది.

పక్క నుంచి ఒక మనిషి గబగబా మంచులోకి నడిచాడు. మంకీ క్యాప్, పొట్టి స్వెట్టరు, నెరిసిన మీసం. ఇటు తిరిగి, టేపు కొస ముక్కుకి ఆనించుకుని నిలబడ్డాడు. బొమ్మ కొంచెం మసక. తల మీద మంచు పడుతోంది. సూటిగా ఇటే చూస్తున్నాడు, ఎవరైనా ఏదైనా చెబుతారేమోనని. తర్వాత మొహమంతా సిగ్గు పడి, పరిగెత్తుకుంటూ తెర మీదకే వచ్చేశాడు. అంతే. ఆ వెనకే తెల్లదనం కమ్ముకొచ్చింది. చెట్లు పోయాయి, దారి పోయింది, కొండ రానే లేదు. మిగతా నిమిషమంతా తెర తెల్లగా వెలుగుతూ ఉండిపోయింది.

"గీడ మంచు మస్తుండె" అన్నాడు ఉప్పలయ్య ఖాళీ తెర వైపు చెయ్యి చూపిస్తూ. "కొండ కనవడ్డది. గదంత పోయింది. నేను తప్పుజేసిందొక్కటే మిగిలింది."

తెల్లటి తెర వెలుగు సారలమ్మ మొహం మీద పడుతోంది.

"దామోదరన్నను ఇంకోపారి ఎయ్యమను" అంది.

దామోదర్ మళ్లీ వేశాడు. మళ్లీ ఆ మనిషి మంచులోకి వచ్చి నిలబడ్డాడు. మూడోసారి వేసినప్పుడు ఆమె జిగురు వేళ్లు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముంగటికొచ్చినవ్" అంది. "ఇన్నేండ్లకు."

"మంచు సూపియ్యమంటివి గద."

"మంచు నేనేం జేసుకుంట" అంది సారలమ్మ. "ఇగ నువ్వేడికన్న పో. పొద్దుమూకి నువ్వు యాదికొస్తె, గిట్ల నిలవడ్డవని అనుకుంట."

కంపెనీలో భోజనాల టైము అయిపోవచ్చింది. అయినా ఆమె లేవలేదు. దామోదర్ అడక్కుండానే నాలుగోసారి వేశాడు. ఈసారి ఉప్పలయ్య తెర వైపు చూడలేదు, సారలమ్మనే చూస్తూ కూర్చున్నాడు.