ఎవడి డేటా వాడిదే

బిలాస్‌పూర్‌లోని తోర్వా పేటలో నేను చేరిన మొదటి సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మా టీమ్ లీడ్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి. వెబ్ పేజీలో ఎన్ని ముక్కలుంటే అన్నీ విడివిడిగా సర్వర్‌ని అడగాల్సిందే అన్నది ఆయన మతం. "ఎవడి డేటా వాడే తెచ్చుకోవాలి" అంటూ, రైలుకి జెండా ఊపుతున్నట్టు చూపుడువేలు ఊపేవాడు.

ఓ స్కూలుకి హాజరు పేజీ చేశాం. అరవై మంది పిల్లలు, అరవై వరసలు. ప్రతి వరసా అదే క్లాసు జాబితా కోసం సర్వర్ దగ్గరికి పరిగెత్తేది.

"ఒక్కసారి తెచ్చి అన్ని వరసలకీ పంచుదాం సార్" అన్నాను.

"ఏటి, నాకే నేర్పుతున్నావా?" అన్నాడు.

చూపించే రోజు హెడ్‌మిస్ట్రెస్ ముందు పేజీ తెరుచుకోకుండా గిర్రున తిరుగుతూనే ఉంది. "బిలాస్‌పూర్ నెట్ కదా మేడమ్" అని ఇకిలించాడు. ఆవిడ అదే నెట్ మీద తన ఫోన్లో వీడియో ఆడించి చూపించి, వేరేవాళ్లని చూసుకుంటానని లేచి వెళ్లిపోయింది.

ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. కిందికెళ్లి తనతో కలిపి ఆరుగురికీ ఒకే కెటిల్లో టీ పట్టుకొచ్చాడు.

"ఆరుసార్లు వెళ్లలేదేం సార్?" అన్నాను.

"అచ్ఛా, ఆరు టీలకి ఆరుసార్లు మెట్లు దిగడానికి నేనేటి పిచ్చోణ్నా?"

కాదు అని చెప్పడానికి మా ఐదుగురిలో ఒక్కరికీ నోరు రాలేదు.