మా అక్క పెట్టుడు పళ్లు

మా అక్క నోట్లో ఉన్నవన్నీ సొంత పళ్లే. పెట్టుడు పళ్లు ఆమె బల్ల మీద ఉంటాయి: నాలుగు ప్లాస్టిక్ ఆపిల్ పళ్లు, కొన్ని బేరిపళ్లు, ఒక ద్రాక్షగుత్తి. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, మేమిద్దరం పనిచేసేది పళ్ల డాక్టరు దగ్గర. అలాంటి చోట పళ్లు అనే మాట తేడాగా వాడితే ఎంత గందరగోళం అవుతుందో నాకు పోయిన నెల తెలిసింది.

అక్క ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని, వరసగా లోపలికి పంపుతుంది. నేను వెనక గదిలో కట్టుడు పళ్లు తయారుచేస్తాను. ఈ ఉద్యోగం నాకు ఇప్పించింది ఆమే. ఆ విషయం వారానికి ఒకసారైనా గుర్తు చేస్తుంది.

పదకొండేళ్ల కిందట ఆమె చేరినప్పుడు ముందు గది గోడలు బూడిద రంగు, కుర్చీలు బూడిద రంగు, కూర్చున్నవాళ్ల మొహాలూ అదే రంగు. "ఒరేయ్, ఇక్కడ పన్ను పీకేదాకా ఆగక్కర్లేదు, ప్రాణం ముందే పోతుంది" అంది. మర్నాడు సంచి నిండా ప్లాస్టిక్ పళ్లు తెచ్చింది. చేతికొచ్చినవన్నీ ఒకే గిన్నెలో పోసేసరికి గది కాస్తా పళ్లకొట్టులా తయారైంది. పన్ను నొప్పితో వచ్చినావిడ దవడ పట్టుకునే, ద్రాక్షపళ్లు పుల్లగా ఉంటాయా అని అడిగింది.

ఆ దెబ్బతో అక్క బుర్రకు పదును పెట్టింది. 'చుక్క రంగు' అని సొంతంగా ఒక సిద్ధాంతం కనిపెట్టింది. గది ఎంత నీరసంగా ఉన్నా ఫర్వాలేదట, ఒకే ఒక్క రంగును మూడు చోట్ల చుక్కల్లా పెడితే చాలట. కన్ను ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతుతూ ఉంటే మనిషి నొప్పి మర్చిపోతాడట. రెండు చుక్కలైతే వెలితి, నాలుగైతే గోల. ఒక ఏడాది పసుపు నడిచింది: గాజు జాడీలో నిమ్మకాయలు, మూల కుర్చీలో పసుపు దిండు, కిటికీ తెరకు పసుపు రిబ్బను. మరో ఏడాది నారింజ. కిందటేడు గులాబీ కావాలంది. గులాబీ రంగు పళ్లు ఏ కొట్లోనూ దొరకలేదు. నా గదిలోకి వచ్చి, నేను చిగుళ్లు పోతపోసే గులాబీ పొడి డబ్బా వైపు అదోలా చూసింది.

"వద్దక్కా. అది జనం నోట్లో పెట్టుకునే సరుకు."

"నేనేమన్నా విషం కలుపుతానంటున్నానా? ఆరంటే ఆరు బేరిపళ్లు. ఒక్కో పూత చాల్లేరా."

తమ్ముడై పుట్టాక తప్పుతుందా. ఆరింటికీ చిగుళ్ల రంగు పూత వేసి, పళ్లసెట్లకు మెరుగు పెట్టే మిషను మీద తిప్పి ఇచ్చాను. నిజం చెప్పొద్దూ, నా చేతిలో అంత అందమైన చిగుళ్లు అంతకుముందు ఎప్పుడూ తయారు కాలేదు. ఒకటి అద్దం పక్కన, రెండు కిటికీలో, మూడు బల్ల మీది పాత ఆపిల్, ద్రాక్షల పక్కన కుదురుకున్నాయి. అక్క ప్రతి శనివారం వాటిని టూత్‌బ్రష్షుతో తోమేది. ఎవరైనా ఫోన్ చేసి మా పళ్లు అయ్యాయా అని అడిగితే, ఆ ధ్యాసలోనే "ఇప్పుడే కడిగి ఎండలో పెట్టానండీ" అనేది.

ఇంత పిచ్చి ఎందుకో నాకు తెలుసు. అత్తవారింట్లో గోడకు మేకు కొట్టాలంటే ఆమె బావను అడగాలి, బావ వాళ్లన్నయ్యను అడగాలి, ఆయన వాళ్లావిడను అడగాలి. ముగ్గురూ బాగా ఆలోచించి వద్దంటారు. "ఎవరినీ అడక్కుండా నేను సర్దుకున్న గది ఇదొక్కటేరా" అంది ఒకసారి. నాకు జాలేసింది, కోపం కూడా వచ్చింది. ఆ గులాబీ పూత వేసింది అందుకే.

పోయిన నెల ఒక శుక్రవారం లెక్కల మాస్టారు వచ్చారు. రిటైరై పదేళ్లయింది. కొత్త సెట్టు పెట్టించుకుని బయటికొచ్చి, పట్టు ఎలా ఉందో చూద్దామని బల్ల మీది ఆపిల్ తీసి కసుక్కున కొరికారు. ఆపిల్ ముక్క ఊడి రాలేదు, పళ్లే ఊడి వచ్చాయి. ఆయన బోసినోటితో ఆపిల్ వైపు చూస్తుంటే ఆపిల్ ఆయన వైపు చూసి ఇకిలిస్తోంది. ఒక్క పన్నూ విరగలేదని నేను పొంగిపోతున్నాను. డాక్టరుగారు మాత్రం ఒంటికాలి మీద లేచారు.

"ఇది క్లినిక్కా, ఆటబొమ్మల కొట్టా అమ్మా? సోమవారానికి ఈ పెట్టుడు పళ్లు నాకు కనపడకూడదు."

అక్క శనివారం మధ్యాహ్నం అన్నిటినీ ఒక అట్టపెట్టెలో సర్ది, పారెయ్యడానికి చేతులు రాక, తన బల్ల కిందికి తోసి ఇంటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత డాక్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. వెనక వీధిలో ఉండే వాళ్ల అత్తగారికి ఇలాంటి అలంకారాలంటే ఇష్టం. పారేసే బదులు ఆవిడకిస్తే మంచి అల్లుడు అనిపించుకోవచ్చు. గదులు తుడుస్తున్న ఆయాకు ఫోన్ చేసి, "ఆ పెట్టుడు పళ్లన్నీ ఒక డబ్బాలో పెట్టి మా అత్తగారికి ఇచ్చి రా. నేను పంపానని చెప్పు" అన్నారు. ముందు గదిలో పళ్లేవీ లేవు. ఆయా ఏం చేస్తుంది పాపం? పళ్ల డాక్టరు దగ్గర పెట్టుడు పళ్లు ఎక్కడుంటాయో అక్కడికే వెళ్లింది. నా బీరువా తెరిచి, సోమవారం ఇవ్వాల్సిన ఐదు సెట్లూ శుభ్రంగా డబ్బాలో సర్ది, ఇచ్చి వచ్చింది.

సోమవారం పొద్దున బీరువా తెరిచి నోరెళ్లబెట్టాను. బయట బూడిద గోడల మధ్య ఐదుగురు బోసినోళ్లతో నా కోసం ఎదురుచూస్తున్నారు. అంతలో డాక్టరుగారి అత్తగారు డబ్బా పట్టుకుని లోపలికి వచ్చారు.

"అల్లుడుగారూ, నాకింకా ఇరవై ఎనిమిది పళ్లున్నాయి. అవీ ఊడిపోతాయని ఇప్పట్నుంచే ఐదు సెట్లు పంపించారా?"

డాక్టరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "పెట్టుడు పళ్లు ఇచ్చి రమ్మన్నారుగా సారు" అని తలుపు దగ్గర ఆయా గొణిగింది. అక్కకు విషయం అర్థమైపోయింది. బల్ల కింది అట్టపెట్టె తీసి, పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టి ఒళ్లో పెట్టింది.

"మాట తేడా వచ్చిందమ్మా, ఆయా తప్పేం లేదు. సారు మీకివ్వమన్నది ఈ పళ్లు."

పెట్టె ఇచ్చేసింది గానీ చెయ్యి వెంటనే వదల్లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పెద్దావిడ ఒక గులాబీ బేరిపండు బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది ఆ అద్దం పక్కన ఉండేది కదూ? నేను దవడపన్ను పీకించుకున్న రోజు దీన్నే చూస్తూ కూర్చున్నాను." తర్వాత గదంతా పరకాయించి చూశారు. "ఇప్పుడిక్కడ కూర్చుంటే బాగున్న పళ్లు కూడా సలుపుతున్నాయి. ఎక్కడివక్కడ పెట్టెయ్యమ్మా. అల్లుడుగారు ఏమీ అనరు."

అల్లుడుగారు ఏమీ అనలేదు. నేను ఐదు సెట్లూ మూడేసి సార్లు కడిగి ఎవరివి వాళ్లకు ఇచ్చేశాక, పరువు కోసం ఒక్క షరతు పెట్టారు. పక్కన బోర్డు ఉండాలట. అక్క వెంటనే అట్టముక్క మీద గులాబీ రంగుతో రాసి బల్ల మీద నిలబెట్టింది: 'ఈ పళ్లు తినడానికి పనికిరావు.'

మర్నాడు లెక్కల మాస్టారు వచ్చారు. శుక్రవారం నా మిషను దగ్గరే ఆగిపోయిన ఆయన సెట్టుకు పట్టు సరిచేసి, గిన్నెలో తెచ్చి అక్క బల్ల మీద పెట్టాను. అది సరిగ్గా బోర్డు ముందు పడింది. ఆయన కళ్లజోడు సర్దుకుని బోర్డు చదివారు. గిన్నెలోకి చూశారు. మళ్లీ చదివారు.

"నాయనా, మరి తినడానికి పనికొచ్చేవి ఎప్పుడిస్తారు?"

లోపల ఏదో కింద పడిన చప్పుడైంది. తర్వాత నవ్వు వినపడింది. పదకొండేళ్లలో డాక్టరుగారు నవ్వగా వినడం మాకదే మొదలు. కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చారు.

"ఆ బోర్డు తీసెయ్యమ్మా" అన్నారు అక్కతో.

అక్క బోర్డు తీసేసింది. ఖాళీ అయిన చోటికి ఒక బేరిపండును జరిపి, కాస్త దూరం నుంచి చూసుకుని, ఇంకొంచెం జరిపింది. ఎవరినీ అడగలేదు.