జాతరకు పోయిన కారు వెనక టైర్లు

"చెప్పలేదా అక్కా, నేను నీకు?"

"లేదు. నువ్వు నాకేం చెప్పలే."

దవాఖాన వరండాలో యాదగిరికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. అందులో అబద్ధం నాది. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తున్నాను. పొయ్యి ముందు ఒక్కదాన్నే కూర్చున్నా ఉంటుంది, నలుగురిలో నవ్వుతున్నా ఉంటుంది. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నా పేరు రాయొద్దన్నాను. యాదగిరి పేరు రాయమన్నాను. చెడింది అతని పేరు కదా.

మా ఆయన గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. పాత అంబాసిడర్ ఒకటి కొన్నాడు. డ్యూటీ నుంచి వచ్చి, బొగ్గు మసి కడుక్కోకముందే దాన్ని తుడిచేవాడు. వెనక టైర్లు అరిగిపోయాయి. అప్పట్లో మా క్వార్టర్ల లైన్లో కుర్రాళ్లంతా జీపులకు, కార్లకు వెడల్పు టైర్లు వేయించుకుని తిరిగేవారు. మాకూ అట్లాంటివే కావాలని నేను పట్టుబట్టాను. ముందు చూస్తే ఏనుగు, వెనక చూస్తే మేక అని మా కారును ఎక్కిరించింది కూడా నేనే.

యాదగిరి మా పుట్టినూరివాడు. చౌరస్తాలో టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. నన్ను అక్క అని, మా ఆయనను బావ అని పిలిచేవాడు. వెడల్పు టైర్లు బిగించి కారును తనే క్వార్టర్ ముందుకు తెచ్చాడు. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. తాళం చెవి నా చేతిలో పెట్టి అన్నాడు.

"అక్కా, ఖాళీగ ఉంటే మంచిగనే ఉంటది. వెనక బరువు పడ్డదంటే కారు కూసుంటది, టైరు పోయి మడ్‌గార్డు అంచుకు రాస్తది. బరువు మోసే కమాన్ పట్టీలు పాతయి, జారిపోయినయి. కొత్త పట్టీ తెచ్చి ఏసేదాక వెనక ఇద్దరే కూసోండ్రి. బావకు చెప్పు, మర్వకు."

"చెప్త తియ్, ముందుగాల చాయ్ తాగు" అన్నాను.

చెప్పలేదు. మర్చిపోయి కాదు.

రెండు రోజుల్లో సమ్మక్క జాతర. అంతకు ముందు బాయిలో బండ కూలినప్పుడు మా ఆయన చావు తప్పి బయటపడ్డాడు. కొడుకు ఎత్తు బంగారం పెడతానని అత్తమ్మ మొక్కుకుంది. జాతరలో బెల్లాన్ని బంగారమనే అంటాం. మనిషిని తక్కెడలో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క బెల్లం ముద్దలు పేర్చి తూస్తారు. మా ఆయన భారీ మనిషి. టైరు సంగతి చెబితే "ఎందుకొచ్చిన లొల్లి, బస్సుల పోదం" అంటాడు. లైన్లో ఆడవాళ్లంతా చూస్తుండగా సొంత కారులో జాతరకు పోవాలని నా ఆశ. అంతే. ఇంత చిన్న ఆశ. దీనికేనా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో.

ఏమీ పట్టనట్టు కూడా లేను నేను. ఆడబిడ్డను, పిల్లలను బస్సులో రమ్మన్నాను. వెనక నేనూ అత్తమ్మా ఇద్దరమే కూర్చున్నాం. యాదగిరి చెప్పింది పాటించాననుకున్నాను. డిక్కీలో బంగారం ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తల్లి సొమ్ము బరువవుతుందా? తక్కెడలో పెట్టి, ఒక మనిషికి సరితూగేంత తూచి తెచ్చుకున్నదాన్నే బరువు కాదనుకున్నాను.

మంథని దాటాక అత్తమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందే, ఏదో కాలుతున్న వాసన?"

నాకు తెలుసు. గుంత వచ్చినప్పుడల్లా కింద జర్రున రాసుకుంటోంది. నాకు వినబడుతోంది.

"ముంగట లారీ పోతంది గదా అత్తమ్మా, దాని బ్రేకుల వాసన" అన్నాను.

జాతర కబుర్లు చెబుతూ మా ఆయన నడుపుతున్నాడు. ఒక్కసారి ఆపమంటే ఆపేవాడు. తిట్టేవాడేమో, తిడితే ఏం పోతుంది? కానీ ఇప్పుడు ఆపమంటే ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి నోరు మూసుకున్నాను. ఇంకాస్త దూరం, ఇంకాస్త దూరం అనుకుంటూ కూర్చున్నాను.

టైరు పేలింది. కారు రోడ్డు దిగి మద్దిచెట్టును గుద్దుకుంది. మా ఆయనకూ నాకూ గీతలు పడ్డాయి. అత్తమ్మకు తుంటి విరిగింది. డిక్కీ తెరుచుకుని బెల్లం ముద్దలు రోడ్డంతా చెదిరాయి. కాలినడకన జాతరకు పోయేవాళ్లు కొందరు అత్తమ్మను ఎత్తారు. కొందరు ఆ ముక్కలు ఏరుకుని కళ్లకద్దుకున్నారు. వాళ్ల తప్పేం లేదు. తల్లి బంగారం కాళ్లకింద పడకూడదు కదా.

కబురు తెలిసి యాదగిరి దవాఖానకు ఉరికొచ్చాడు. మా ఆయన అతని చొక్కా గల్లా పట్టుకున్నాడు.

"ఏం టైర్లు ఏసినవ్‌రా? నన్ను కన్న అవ్వను సంపుదమనుకున్నవా?"

"బరువెయ్యద్దని చెప్పిన బావా. అక్కకు చెప్పిన. అడుగు."

అందరూ నా వైపు తిరిగారు. ఆడబిడ్డ చూస్తోంది. లోపల అత్తమ్మ మూలుగుతోంది. అప్పుడే యాదగిరి చెప్పలేదా అక్కా అని నన్ను అడిగాడు, నేను లేదన్నాను. నా మొగుడు కొడతాడనా? ఎన్నడూ చెయ్యెత్తిన మనిషి కాదు. నాకు తోచింది ఒక్కటే. యాదగిరి ఇక్కడి నుంచి బయటికి పోతాడు, నేను మాత్రం వీళ్లతోపాటే ఇంటికి పోవాలి.

అతను నా వైపు ఒకసారి చూసి మెట్లు దిగిపోయాడు.

జాతర తొవ్వలో ముసలమ్మ తుంటి విరగ్గొట్టినవాడని బస్తీ అంతా పాకింది. అతని దుకాణానికి పోయేవాళ్లు తగ్గారు, తర్వాత ఆగిపోయారు. షట్టరు దించి, పెళ్లాం పిల్లలతో బెల్లంపల్లి దిక్కు పోయాడని విన్నాను.

అత్తమ్మ మళ్లీ లేవలేదు. పోయేదాకా నేనే కడిగాను, నేనే తినిపించాను. పొద్దున ఒళ్లు తుడుస్తుంటే రోజూ యాదగిరిని శపించేది. "వాని చేతులు పడిపోను, వాని కడుపు కాల" అనేది. ఆమెను తుడుస్తున్న చేతులు నావి. వింటూ ఊఁ కొట్టేదాన్ని. ఒక్క పొద్దు కూడా ఆ మాటను ఆపలేదు. "నా కోడలు బంగారం" అని వచ్చినవాళ్లకల్లా చెప్పుకునేది. అది ఇంకా భరించలేకపోయేదాన్ని.

ఆ తర్వాత మా ఆయన కూడా, ఊపిరితిత్తులు పాడై కన్నుమూశాడు. ఆఖరి రోజుల్లో చెబుదామని రెండుసార్లు మంచం దగ్గర కూర్చున్నాను. నీళ్లిచ్చి లేచాను.

యాదగిరి ఉన్నాడో లేడో నాకు తెలియదు. కనుక్కోవడం కష్టమేం కాదు, బెల్లంపల్లి ఎంత దూరం? కనుక్కుంటే పోవాల్సి వస్తుందని కనుక్కోలేదు. ఇది కూడా రాయమన్నాను.

ఇక్కడ పిల్ల కలం ఆపింది.

"పెద్దమ్మా, యాదికి లేక చెప్పలేదని రాద్దమా? జాతర పనిల ఎవరైన మర్సిపోతరు గదా."

"యాదికి ఉండే బిడ్డా. వాసన వచ్చినప్పుడు సుత యాదికి ఉండే. గట్లనే రాయి."

నన్ను క్షమించమని ఎవరిని అడగను? అడగాల్సిన ఇల్లు యాదగిరిది ఒక్కటే, ఆ గడప తొక్కే ధైర్యం ఇంకా రాలేదు. బయటికి చెప్పాను, అంతవరకే. మోస్తున్నది కొంచెం కదిలింది. పోయిందని అనను.

"అయిపోయింది బిడ్డా. ఇగ మొదటికెళ్లి సదువు. నేను ఏడిస్తే ఆపకు. నా మీద జాలితోని ఏడనన్న మెత్తగ రాసినవేమో, ఇనాలె."