ఎమర్జెన్సీలో నేనాడిన అబద్ధం

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు. మొదటిసారి మీకే చెబుతున్నాను.

నానక్‌రామ్‌గూడ ఆఫీసులో లలితది నా పక్క సీటు. భీమవరం అమ్మాయి. పెళ్లయ్యాక భర్తతో వచ్చి పుప్పాలగూడలో మా వీధిలోనే కిరాయికి దిగింది. "పండుకో ఏంటే, పడుకో అనాలి" అని నా మాటను సరిదిద్దేది. ఆమె తెచ్చిన గోంగూర, మా అమ్మ చేసిన సర్వపిండి పంచుకుని తినేవాళ్లం. సాయంత్రం షేర్ ఆటోలో ఆమె చెప్పే కబుర్లకు డ్రైవర్ కూడా నవ్వేవాడు. అంత తేలికైన రోజులు నాకు మళ్లీ రాలేదు.

ఒకసారి ఆఫీసులో ప్రథమ చికిత్స నేర్పించారు. మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి అన్నారు. మేమిద్దరం మూతులు వంకరగా పెట్టుకుని ఒకటే నవ్వు.

కొన్ని నెలల తర్వాత ఒకరోజు, కలిసి భోజనం చేసి వచ్చాక, లలిత నాతో ఏదో చెప్పబోయింది. మాట ముద్దగా వచ్చింది. పెదవి ఒకవైపు జారింది. నాకు అర్థమైంది. అర్థం కాలేదని తర్వాత నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో! కానీ అర్థమైంది. కాసేపట్లో క్లయింట్‌కు నేను డెమో ఇవ్వాలి. నా ప్రమోషన్ దాని మీదే ఉంది.

"జర పండుకో, తగ్గిపోతది. ఇప్పుడే వస్త" అని విశ్రాంతి గదిలో వదిలేసి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గంట దాటింది. ఆమె కుడిచెయ్యి కదలడం లేదు.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ అడిగింది: "చివరిసారి బాగా మాట్లాడింది ఎప్పుడు?"

"పొద్దున, మేడం. తర్వాత నేను చూడలే."

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. మొదలై ఎక్కువసేపు కాకపోతేనే మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలం. పొద్దుటి నుంచి అయితే ఇవ్వలేం, ప్రమాదం."

అప్పుడైనా చెప్పవచ్చు. అప్పటికే పరిగెత్తుకొచ్చిన లలిత భర్త నా పక్కనే ఉన్నాడు. తెలిసీ ఎందుకు వదిలేశారని అడిగితే?

"తెల్వది, మేడం" అన్నాను.

ఇంజెక్షన్ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే పూర్తిగా కోలుకునేదా? అది అందరికీ పనిచేయదని తర్వాత చదివాను. ఆ మాటను పట్టుకుని కొన్నాళ్లు నిద్రపోయాను కూడా. కానీ ఆ అవకాశం ఆమెది. దాన్ని కాజేసింది నేను.

వాళ్లిప్పుడు మియాపూర్‌లో ఉంటున్నారు. లలిత నడుస్తుంది. మాటలే, ఒకటీ అరా తప్ప రావు. నేను వెళ్తే ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని వదలదు. "మీరు తీసుకురాబట్టే మనిషి దక్కిందండి" అంటాడు వాళ్లాయన, ప్రతిసారీ, టీ అందిస్తూ. నేను ఆ టీ తాగి వచ్చేస్తాను.

ఆయనకు ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. మీరు నన్ను క్షమించాలనీ అడగను. నాకు తెలుసు, తెలిసే తెలియదన్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక, ఊపిరి కాస్త లోపలిదాకా అందుతోంది.