పళ్ళక్క వంటింట్లో మూడు వారాలు

ఆవిడని ఆ వీధిలో అందరూ పళ్ళక్క అనేవారు. కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళు ఆ పేరు విని, సంచీ పట్టుకుని తలుపు తట్టి, "అరటిపళ్ళు ఉన్నాయాండీ?" అని అడిగిన సందర్భాలున్నాయి. అప్పుడు లోపలినుంచి వాళ్ళత్తగారు, "మా కోడలి దగ్గర ఉండేవి తినే పళ్ళు కావు తల్లీ, నమిలే పళ్ళు" అని కేకేసేది. కేకేసి, తన పై వరస తీసి చూపించేది కూడా. ఆ వరస కోడలు చేసిందే.

పళ్ళక్క పని కట్టుడు పళ్ళు చెయ్యడం. పళ్ళ డాక్టరుగారి ఆస్పత్రి వెనక చిన్న గది, అందులో రెండు బల్లలు. ఒకటి ఆవిడది, రెండోది పెద్దాయనది. ఆవిడకి పని నేర్పింది ఆ పెద్దాయనే. మైనం కరిగించి చిగుళ్ళు తీర్చడం, ఒక్కొక్క పన్ను పట్టకారుతో నిలబెట్టడం, ఆనక అరగదీసి నునుపు చెయ్యడం. ఇరవయ్యారేళ్ళలో ఆవిడ చేసిన పన్ను ఒక్కటి వంకరగా కూర్చున్నదని ఎవరూ అనలేదు. మణికట్టు మంచి దిట్టం. ఇంట్లో బిగుసుకుపోయిన సీసా మూతలన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి.

ఆ చలికాలం మొదట్లో వాళ్ళాయనకి ఒక కాఫీ మిషను బహుమానంగా వచ్చింది. ఆయన బస్సు డ్రైవరు. ఇరవయ్యేళ్ళు ఒక్క ప్రమాదం లేకుండా నడిపినందుకు డిపోవాళ్ళు శాలువాతోపాటు ఇచ్చారు. బొటనవేలంత కాఫీ డబ్బీ ఒకటి అందులో పెట్టి మీట నొక్కితే ఒక కప్పు కాఫీ కారుతుంది. అంతే. రెండో కప్పు కావాలంటే రెండో డబ్బీ.

"ఇది కాఫీయా, కషాయమా?" అంది అత్తగారు మొదటి గుక్కకే. ఎనభై ఏళ్ళ మనిషి, నాలుక మాత్రం పదహారేళ్ళది. పక్కింటి పిల్ల ఫోనులో ఆవిడ ఒక వీడియో చూసింది. గ్లాసులో చల్లటి పాలు, పాలమీద గడ్డకట్టిన వెన్నలా కాఫీ నురగ. "నాకు అదీ కావాల్సింది. చేసిపెడతావా, లేదా?"

"చేస్తాలెండి అత్తయ్యా, అదేం బ్రహ్మవిద్యా?" అంది పళ్ళక్క.

అయిందండీ, మొదటి నాలుగు రోజులూ బ్రహ్మవిద్యే అయింది. ఆ వీడియోలో వాళ్ళు కాఫీ పొడితో చేస్తారు. ఈ మిషను ఇచ్చేది నీళ్ళ కాఫీ. ఎంత గిలక్కొట్టినా పైన నాలుగు బుడగలు లేచి, గోధుమరంగు నీళ్ళే మిగిలేవి. పళ్ళక్క పట్టు వదిలే మనిషి కాదు. అన్నిటికంటే చిన్న కప్పు మీట నొక్కి, మొదట కారే చిక్కటి నాలుగు చెంచాలే పట్టింది. కాఫీ ఎంతో పంచదార అంత వేసింది. గిన్నెని మంచు ముక్కలున్న పళ్ళెంలో కూర్చోబెట్టి, తీగల కవ్వంతో కొట్టడం మొదలుపెట్టింది. పది నిమిషాలకి రంగు తేలింది. పదిహేను నిమిషాలకి కవ్వం వెనకాల చాళ్ళు పడ్డాయి. ఇరవై నిమిషాలకి నురగ కవ్వానికి అంటుకుని, తలకిందులు చేసినా జారలేదు.

అత్తగారు చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకుంది. "మా నాన్న బతికుంటే నీకు ఒంటిమీద బంగారం పెట్టేవాడే" అంది.

ఆ రోజునుంచి అదొక నియమమైపోయింది. డ్రైవరుగారు నాలుగున్నరకే డిపోకి వెళ్ళిపోతాడు, స్నానం అక్కడే. ఆరున్నరకి అత్తాకోడళ్ళిద్దరూ వంటింట్లో. చలికి కిటికీ మూసేసేవారు. గోడకున్న గ్యాసు గీజరు వెలిగించి, అత్తగారి స్నానానికి, ఆ తర్వాత బట్టలకి వేడినీళ్ళు పట్టేవారు. బకెట్టు నిండుతున్నంతసేపూ పళ్ళక్క నిలబడి కవ్వం తిప్పేది. పక్కన కుర్చీలో అత్తగారు శాలువా కప్పుకుని, ఊళ్ళోవాళ్ళందరి సంగతులూ చెప్పేది.

మొదటి వారం చివర్లో తలనొప్పి మొదలైంది.

నుదుటిమీద ఎవరో తడిగుడ్డ బిగించి కట్టినట్టుండేది. పనికి నడిచి వెళ్తూంటే కొంచెం సడలేది, పది గంటలకల్లా పోయేది. మర్నాడు పొద్దున మళ్ళీ. "కొత్త కాఫీ కదా, పడలేదేమో" అంది భర్తతో. ఆయన రోజూ అదే డబ్బీ కాఫీ తాగి వెళ్తాడు, ఆయనకి ఏమీ లేదు. "నీకు నిద్ర చాలట్లేదే" అన్నాడు.

రెండో వారంలో అత్తగారి కబుర్లు తగ్గాయి. కథ మధ్యలో ఆగిపోయేది. "ఎక్కడున్నానే?" అని అడిగేది. పళ్ళక్క అందించేలోపే కళ్ళు మూతలు పడేవి. గ్లాసు చేతికిస్తే నురగ సగం అలాగే వదిలేసేది. "కడుపులో తిప్పుతోందే. పెద్దతనం కదా" అనేది. పెద్దతనమే అనుకున్నారు అందరూ. ఎనభై ఏళ్ళ మనిషి కునికిపాట్లు పడితే ఎవరు బెంగపెట్టుకుంటారు?

పళ్ళక్క బెంగ వేరు. ఆ గురువారం డాక్టరుగారు ఒక కట్టుడు వరస తెచ్చి ఆవిడ బల్లమీద పెట్టాడు. పళ్ళక్క చూసింది. ఎడమ కోరపన్ను కుడివైపు కూర్చుంది, కుడిది ఎడమవైపు. చూస్తే పసిపిల్లలకి కూడా తెలిసే తప్పు.

"కళ్ళు ఒకసారి చూపించుకోండమ్మా" అన్నాడాయన మెల్లిగా. ఆ మెల్లితనం ఆవిడని కోసేసింది. తిట్టినా బాగుండేది.

ఆవిడ తల్లికి సరిగ్గా ఈ వయసులోనే మొదలైంది. ముందు తలనొప్పి, తర్వాత చేతిలో వస్తువులు జారిపోవడం, ఆ తర్వాత కూతురి పేరు మర్చిపోవడం. తలలో గడ్డ అని తెలిసేసరికి మూడు నెలలే మిగిలాయి. ఆ సంగతి పళ్ళక్క ఎవరికీ చెప్పలేదు. కాఫీ తాగడం మాత్రం మానేసింది. అత్తగారికి చేసి ఇస్తుంది, తను ముట్టదు. ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. తలనొప్పి మానలేదు. అయితే కాఫీ కాదన్నమాట. నేనే అన్నమాట. ఆ పొద్దున కవ్వం తిప్పుతూంటే కాళ్ళు తేలిపోయినట్టయి, గట్టు పట్టుకుని నిలబడింది. ఎదురుగా గీజరు చిన్న అద్దంలోంచి మంట పచ్చగా, పసుపురంగులో ఊగుతోంది. దానిపైన గోడకి మసి చారిక. సున్నం వేయించాలి అనుకుంది. అంతే అనుకుంది.

మూడో వారం శనివారం పెద్దాయన పనినుంచి దిగిపోయే రోజు. ఆయనకి నురగ కాఫీ పెడతానని పళ్ళక్క ఎప్పుడో మాటిచ్చింది. పొద్దున్నే మిషను సంచీలో సర్దుకుంటూంటే అత్తగారు, "నువ్వెళ్ళిరా. నేను తీరిగ్గా నీళ్ళు పోసుకుంటాను. ఆ దుప్పట్లు కూడా నానబెడతాను" అంది.

"చలిగా ఉంది, నేనొచ్చాక చేద్దురు."

"నేనేం గాజుబొమ్మనా? వెళ్ళవే."

పనిగదిలో, పళ్ళ అచ్చుల మధ్య చోటు చేసుకుని, పళ్ళక్క ఇరవై నిమిషాలు కవ్వం తిప్పింది. పెద్దాయన స్టూలుమీద కూర్చుని చూస్తున్నాడు. డాక్టరుగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నురగ చక్కగా లేచింది. అందరికీ పోసి తనూ ఒక గ్లాసు తీసుకుంది, ఏదైతే అదవుతుందని. తాగింది. తల తేటగా ఉంది. తొమ్మిదైంది, తొమ్మిదిన్నరైంది. ఆ సమయానికి రోజూ కణతలు ఇంకా నొప్పెడుతూనే ఉండేవి. ఇవాళ ఏమీ లేదు.

ఆ తేలికలోనే బల్ల దగ్గరికెళ్ళి మైనం కరిగించే బర్నరు వెలిగించింది.

"ఫ్యానేసుకోవమ్మా!" పెద్దాయన అరిచాడు. "ఎన్నిసార్లు చెప్పాలి? నిన్న ఇది ఆపేసుకుని కూర్చుంటే నాకు తల దిమ్మెక్కిపోయింది. పైగా ఆ మంట చూడు, పచ్చగా మండుతోంది. గాలి తిప్పు, గాలి తిప్పు."

ఆవిడ చెయ్యి అలవాటుగా బర్నరు కింద చక్రాన్ని తిప్పింది. మంట సన్నబడి నీలంగా నిలబడింది. ఇరవయ్యారేళ్ళుగా రోజూ చేసే పనే. పచ్చమంట అంటే గాలి అందని మంట. మైనానికి మసి పడుతుంది, గది చెడిపోతుంది. పనిలో చేరిన మొదటిరోజు పెద్దాయన నేర్పిన మొదటి పాఠం అది.

ఇంట్లో గీజరు పచ్చమంట, దానిపైన గోడమీది మసి చారిక కళ్ళముందుకొచ్చాయి. చేతిలో పట్టకారు కిందపడింది.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. "డాక్టరుగారూ, మీ బండి తియ్యండి. మా అత్తయ్య..." అంటూనే గుమ్మం దాటేసింది. ఆవిడ ముఖం చూసి ఆయన బండి తాళాలు అందుకున్నాడు.

నాలుగు వీధులు. ఆ నాలుగు వీధులూ ఆవిడకి తర్వాత ఎప్పుడూ గుర్తురాలేదు. గుర్తున్నది మెట్లు ఎక్కడం, తాళంచెవి కన్నంలో దూరకపోవడం. తలుపు తెరిస్తే లోపల నీళ్ళ చప్పుడు. బకెట్టు పొర్లి వంటిల్లంతా నీళ్ళు. గీజరు వెలుగుతూనే ఉంది. అత్తగారు కుర్చీలోనే ఉంది, తల ఒకపక్కకి వాలిపోయి. బుగ్గలు గులాబీరంగులో ఉన్నాయి. ఎంతో ఆరోగ్యంగా ఉన్న మనిషి కునుకు తీస్తున్నట్టుంది. అదే ఆవిడకి అన్నిటికంటే భయం వేసిన సంగతి.

గ్యాసు కట్టేసింది. కిటికీ గడియ బిగుసుకుపోయి ఉంటే అప్పడాల కర్రతో అద్దం పగలగొట్టింది. ఇద్దరూ కలిసి కుర్చీతో సహా ఈడ్చుకుంటూ మెట్లమీదికి తెచ్చారు. డాక్టరుగారు మోకాళ్ళమీద కూర్చుని నాడి పట్టుకున్నాడు. "ఉంది" అన్నాడు. మళ్ళీ వేళ్ళు ఆనించి, "సన్నగా ఉంది" అన్నాడు.

అత్తగారు బతికింది. మూడు రోజులు ముక్కుకి ఆక్సిజను పెట్టారు. గీజరు మంటకి గాలి అందకపోతే విషవాయువు పుడుతుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నెమ్మదిగా నెత్తుట్లో కలిసిపోతుంది, ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడు పెద్దాస్పత్రి డాక్టరు. ఇంటికొచ్చాక ఆవిడ నడక సాగదీసినట్టయింది. ఒక్కోసారి చెంచాని చూపించి "అదేంటే, అది" అని వెతుక్కునేది. ఆ మూడు వారాలూ ఆవిడ బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయాయి, నురగతో సహా. పళ్ళక్క తలకి ఫోటో తీయించారు. గడ్డా లేదు, ఏమీ లేదు. ఆవిడ ఆ కాగితం చేత్తో పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. సంతోషమో, మంట కళ్ళారా చూసి కూడా పోల్చుకోలేకపోయానన్న సిగ్గో, ఆవిడకే తెలియదు.

కానీ అదంతా తర్వాతి సంగతి. ఆ శనివారం మధ్యాహ్నమే, అత్తగారి మంచం దగ్గర భర్తని కూర్చోబెట్టి, బట్టలకోసం ఇంటికొచ్చింది పళ్ళక్క. పగిలిన కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. గీజర్ల పొగ పోవడానికి అన్ని వంటిళ్ళ గొట్టాలూ తెరుచుకునే ఇరుకు సందు అది. పైకి చూస్తే ఆకాశం కనపడలేదు. పావురాల బెడదకని ఎవరో డాబామీద దాని నోరంతా టార్పాలిను పట్టాతో మూసి, చుట్టూ ఇటుకలు పేర్చారు. ఇల్లుగలాయనకి ఫోను చేస్తే, "అవునమ్మా, మూడు వారాలైంది. అందరూ గోల పెడుతున్నారని నేనే వేయించాను" అన్నాడు మామూలుగా.

అన్ని వంటిళ్ళ గొట్టాలూ.

ఆవిడ సంచీ అక్కడే పడేసి మెట్లెక్కింది. సరిగ్గా పై వాటాలో ఈమధ్యే వచ్చిన జంట, ఐదు నెలల పాప. తలుపు తట్టింది. చాలాసేపు ఎవరూ తియ్యలేదు. మళ్ళీ తట్టింది, అరిచేత్తో బాదింది. చివరికి తల్లి తీసింది. జుట్టు రేగిపోయి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఏంటక్కా? పొద్దుట్నించీ తల తిరుగుతోంది, పడుకున్నాను."

"పాపేదమ్మా?"

"పడుకుందక్కా." ఆ అమ్మాయి కొంచెం గర్వంగా నవ్వింది. "రెండు వారాలుగా ఎంత బుద్ధిమంతురాలైపోయిందో! ఏడుపే లేదు. ఎప్పుడూ నిద్రే."

వంటింట్లోంచి వేడినీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

పళ్ళక్క ఆ అమ్మాయిని పక్కకి తోసుకుని లోపలికెళ్ళి ముందు గీజరు కట్టేసింది, తర్వాత మంచంమీది పాపని శాలువాతో సహా ఎత్తుకుంది. పాప తల ఆవిడ భుజంమీద బరువుగా వాలింది. వెనక తల్లి "అక్కా, చలిగా ఉందక్కా, పాపకి జలుబు చేస్తుంది" అంటూనే ఉంది. పళ్ళక్క రెండేసి మెట్లు దిగి వీధిలోకొచ్చి, ఎదురుగాలికి పాప ముఖం తిప్పి పట్టుకుని, వీపు రుద్దుతూ నిలబడింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. వీధిలోవాళ్ళు ఆగి చూస్తున్నారు.

అప్పుడు పాప ముఖం ముడుచుకుని, నోరు పెద్దది చేసి, వీధంతా దద్దరిల్లేలా ఏడ్చింది.