మా అమ్మ మాట చెల్లదన్న కమిటీ

వీపనగండ్ల దగ్గర మా ఊరి నుంచి పుణెకు మట్టి పనికి పోయివచ్చిన ఆడవాళ్ల మీద నా పీహెచ్‌డీ. పైకి సామాజిక శాస్త్రమే కానీ అసలు సంగతి మా అమ్మ. ఆమె పడ్డ కష్టం ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలని నా పంతం.

దానికి ముందు సలహా కమిటీ కావాలి. వనపర్తిలో ఉండే మా గైడ్ సార్ దాన్ని కూర్చిన తీరు చూశాక, పెళ్లి సంబంధం ఖాయం చేయడమే నయమనిపించింది. సబ్జెక్టు ఎవరికి తెలుసన్నది తర్వాత, ముందు ఎవరికి ఎవరితో మాటలున్నాయో చూడాలి. ఒకాయన వస్తే ఇంకొకాయన ఆ గది గడప తొక్కడు. చివరికి గద్వాలలో ఒక సార్, నాగర్‌కర్నూల్‌లో ఒక మేడమ్ తేలారు. ఇద్దరికీ వలసల సంగతి పెద్దగా తెలియదు, కానీ ఒకరితో ఒకరికి తగాదా లేదు. అంతకు మించిన అర్హత ఏం కావాలి?

ఇక నా బతుకు బస్సుల పాలైంది. గద్వాల సార్ పత్తి విత్తనాల చేలల్లో కూలీలను కూడా కలపమన్నాడు. కలిపి నాగర్‌కర్నూల్ తీసుకుపోతే మేడమ్ తీసేయమంది. గైడ్ సార్ ఇద్దరికీ తలూపి, "పెద్దోళ్లు చెప్పినంక ఇనాలె గదమ్మా" అని నన్ను మళ్లీ బస్సెక్కించాడు.

తొలి సమావేశంలో ముగ్గురూ ఒక్కమాట మీదికి వచ్చింది ఒకే విషయంలో. నేను మాట్లాడబోయే ఆడవాళ్లలో మా అమ్మ కూడా ఉందని మేడమ్ పట్టేసింది.

"సొంత తల్లి చెప్తే పరిశోధన ఎట్లయితదమ్మా? పక్షపాతం అయితది. తీసెయ్."

ఊరంతా నిజం చెబుతుందట, మా అమ్మ ఒక్కతే చెప్పదట. నాకు ఒళ్లు మండింది. సంతకాలు వాళ్లవి కాబట్టి "సరే మేడమ్" అన్నాను.

అమ్మేమో తన ముచ్చట పుస్తకంలో వస్తుందని అప్పటికే వాడంతా చెప్పుకుంది. నేను నీళ్లు నములుతూ సంగతి చెబితే, బియ్యంలో రాళ్లు ఏరుతూనే అడిగింది.

"పక్కింటి పెద్దమ్మ చెప్తే రాస్తవా?"

"రాస్త."

"మరి పరేషాన్ ఎందుకు? నాది ఆమెకు చెప్త, ఆమె నీకు చెప్తది."

నవ్వి ఊరుకున్నాను. పెద్దమ్మ కూడా అమ్మతోపాటు అదే గుంపులో పుణె పోయిన మనిషే. కొన్నాళ్లకు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఆమె ముందు కూర్చున్నాను.

"పిల్లను తేవద్దన్నడు మేస్త్రీ. మా అమ్మ కాడ ఇడిసిపెట్టి పోయిన. తిరిగొచ్చేసరికి నన్ను గుర్తు పట్టలే. జడుసుకొని మా అమ్మ కొంగెనక దాక్కున్నది. ఆ రాత్రి దాని పక్కన పండనీకె బెల్లం ముక్క ఇచ్చి బతిలాడుకున్న."

పెద్దమ్మకు పిల్లలు లేరు. నన్ను బెల్లం ముక్కతో బతిలాడుకున్న సంగతి అమ్మ నాకెన్నడూ చెప్పలేదు. ఇంటికి పోతే అమ్మ ఏమీ ఎరగనట్టు అన్నం పెట్టింది, నేనూ ఏమీ ఎరగనట్టే తిన్నాను.

పెద్దమ్మకు సంతానం లేదని వివరాల్లో నేనే రాశాను, కమిటీలో ఎవరూ చూడలేదు. తర్వాతి సమావేశంలో మేడమ్ ఆ భాగం పైకి చదివింది.

"చూసినవా, బయటోళ్లు చెప్తే ఎంత నిజముంటదో."

నాకు ఏడుపొచ్చింది. ఆమె సలహా రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.